ఓష్కన్ రేవులో తగవు కరువు

వెల్మార నదీ రేవుల అధికారి గారి సముఖమునకు, ఓష్కన్ రేవు పడవ సరంగు తొర్విన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య ఇల్సారాను ఎగువ రేవుకు బదిలీ చేయుట వలన నది నిలవకపోవుట గురించి.

1. తమరు కొండ జిల్లా నుండి కొత్తగా వచ్చినారు గనుక మనవి. వెల్మార నదికి తగవులు వినుట మహా ఇష్టం. అది నిలిచి వింటున్నంతసేపే పడవ దాటును. తగవు తేలితే కదులును. సగంలో ఆపితే, జవాబు వచ్చేదాకా మొండికేసి అక్కడే నిలుచును. అందుచేత ప్రతి పడవకు ఒక జంటను నియమించుట ఇక్కడి ఆనవాయితీ.

2. తనిఖీ నాడు తమరు మా పడవ ఎక్కినప్పుడు ఇల్సారా, "నీకంటే ఈ తెడ్డు నయం, చెప్పిన వైపు తిరుగుతుంది" అనుట, నేను, "దానికి నోరు లేదుగా, అందుకే నీ దగ్గర బతికిపోయింది" అనుట తమరు విన్నారు. అది మా ఉద్యోగం. తమరు కళ్లనీళ్లు పెట్టుకుని, మా ఇద్దరికీ మనశ్శాంతి కలగాలని దయతో ఆమెను ఎగువకు పంపించినారు.

3. ఆమె స్థానంలో వచ్చిన మెవ్‌డాన్ గారు చాలా మంచివారు. అదే నా ఫిర్యాదు. "నీ మొహానికి పడవొకటా?" అని నేను మొదలుపెడితే, "నిజమే అన్నా, నాకింకా చేతకాదు. మీరే నేర్పాలి" అంటారు. తగవు అక్కడితో తేలిపోవును. మొన్న పడవ గిర్రున తిరిగి, ఎక్కిన మేకలతో సహా పక్క ఊళ్లో తేలితిమి.

4. ఈ అంశం రేవుకు సంబంధించినది కాదు. పొగచేప కూర నేనే వండుకుంటున్నాను. ఉప్పు ఎక్కువైందని అనే మనిషి లేదు. ఇంట్లో మనశ్శాంతిగా ఉంది. నావల్ల కావడం లేదయ్యా.

కావున ఇల్సారాను వెంటనే ఓష్కన్ రేవుకు తిప్పి పంపవలెనని, పై సంగతులు దయతో చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
తొర్విన్

తా.క.: ఈ అర్జీ నిన్న రాసి మడుస్తుండగా నది దానంతటదే నిలిచిపోయింది. చెవి పెట్టి వింటే, ఎగువ నుంచి నీటి మీదుగా ఇల్సారా గొంతు: "ఏమయ్యోయ్, తింటున్నావా, లేక పస్తులుండి చిక్కిపోయి ఊళ్లో నా పరువు తీస్తున్నావా?"

నేను జవాబు చెప్పలేదు. నది అలాగే ఉంది. పట్నంలో నీటితో తిరిగే పిండి మరలన్నీ ఆగిపోయాయనీ, తమరి ఇంట్లో కూడా పిండి నిండుకుందనీ మెవ్‌డాన్ గారు తెగ బాధపడుతున్నారు. జవాబు నా నాలుక మీదే ఉంది. ఇల్సారా మొహం చూసి చెబుతాను.