తోమని రూపాయి

అన్నా,

నువ్వు చివరిదాకా వెతికిన నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయిని ఇవాళ హైదరాబాద్ వేలంలో కొన్నాను. అవతలివాళ్లు తగ్గేదాకా ఎత్తిన చెయ్యి దించలేదు. నీ భూతద్దంతో చూశాను. మీనార్ల మీద ఒక్క గీతా అరగలేదు. గుమ్మంలోని ఉర్దూ అక్షరం నిన్ననే అచ్చుకొట్టినట్టుంది.

పక్కన కూర్చున్న పెద్దాయనతో, "జెర నల్లగున్నది. ఇంటికి పోయి చింతపండుతో తోముత" అన్నాను.

"తోమకమ్మా. ఆ నలుపు నూరేండ్లది. అది పోతే ఇగ దీన్ని ఎవ్వరు కోరరు" అన్నాడాయన.

నీకు మొదట దొరికిన ఇలాంటి రూపాయిని ఓ క్రిస్మస్‌కి ఇత్తడి గిన్నెలతో పాటు నేనే తోమిపెట్టాను. నువ్వు పాశమైలారం మందుల కంపెనీలో డ్యూటీ దిగి వచ్చి, దాన్ని అంచులు పట్టుకుని చాలాసేపు చూశావు. "మంచిగ మెరుస్తున్నది చెల్లె" అన్నావు. మరొకటి ఎందుకు వెతుకుతున్నావో ఎన్నడూ చెప్పలేదు. అంత ఓపిక నీకెక్కడిదన్నా?

సంగారెడ్డి వచ్చి నీ ఆల్బం తీశాను. మొదటి అరలో నేను తోమిన రూపాయే ఉంది. దాని కింద చీటీ మీద నీ చేతిరాత: "చెల్లె తోమింది. ఎవరికీ ఇచ్చేది లేదు."

కొత్తదాన్ని రెండో అరలో పెట్టాను.