బి పక్కన గీత

1994 మార్చి 3

ఫైటర్ల కార్డులన్నీ ప్రింటయ్యాయి. నూట ఎనభై ఆరు. పేరు, అడ్రస్, బ్లడ్ గ్రూప్. త్రినాథరావుగారు షూటింగులకి ఫైటర్లని పంపుతారు. నేను ఆయన ఆఫీసులో ప్రోగ్రామర్‌ని, చేరి రెండు నెలలు. ఫిల్మ్ నగర్‌లో ఇంకెవరి దగ్గరా ఇలాంటి కంప్యూటర్ లేదని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు సార్.

మార్చి 8

షేక్‌పేట నుంచి ఫైటర్ జంగయ్య వచ్చాడు. పాత కార్డుల బి పక్కన గీత ఉండె మేడమ్, దీన్ల లేదేంది అని అడిగాడు. కంప్యూటర్ అలాగే వేస్తుందిలే అన్నాను. నవ్వి జేబులో పెట్టుకున్నాడు.

అదే రోజు, సాయంత్రం 5

ఆ గీత మైనస్.

పాత లిస్టులో పేరుకీ గ్రూపుకీ మధ్య ఒక గీత ఉంది. రెండూ విడదీస్తే అది గ్రూపు ముందు మిగిలిపోయింది. గీత తీసెయ్యమని, అక్కర్లేని గుర్తులు కత్తిరించే ట్రిమ్ ఫంక్షన్‌కి చెప్పాను. ముందున్నది ఒక్కటే పోతుందనుకున్నాను. అది రెండు చివర్లా చూస్తుంది. వెనక ఉన్న మైనస్‌నీ కోసేసింది. ప్లస్‌లు ప్లస్‌లుగానే ఉన్నాయి. నెగెటివ్ గ్రూపుల వాళ్లు పద్నాలుగు మంది. వాళ్ల కార్డుల్లో అక్షరం పక్కన ఏమీ లేదు.

టెస్టింగ్‌కి పది కార్డులు చూశాను. పదీ పాజిటివ్‌లే.

మార్చి 9

సార్‌కి చెప్పలేదు.

మార్చి 11

ప్రోగ్రామ్ సరిచేశాను. కానీ కార్డులు వాళ్ల జేబుల్లో ఉన్నాయి. వెనక్కి అడగాలంటే ఎందుకో చెప్పాలి. సోమవారం చెబుతాను.

మార్చి 14

సోమవారం. సార్ గది తలుపు దాకా రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ వెనక్కి వచ్చేశాను.

మార్చి 16

పదకొండింటికి సెట్ నుంచి ఫోన్. సెట్‌లో జంగయ్య ఉత్తుత్తి అద్దం పగలగొట్టుకుని దూకాలి. ఎవరో అసలు అద్దం బిగించారు. తొడలో దిగింది. సార్ అతని కార్డు చూసి, బి అంటే పాజిటివే అనుకుని, ఆరుగురు బి పాజిటివ్ ఫైటర్లని వ్యాన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లారు.

పన్నెండింటికి ఆస్పత్రి నుంచి సార్ ఫోన్. డాక్టర్లు టెస్ట్ చేస్తే నెగెటివ్ అని తేలిందట. ఆ రక్తం బ్లడ్ బ్యాంకులో లేదట. మనవాళ్లలో ఎవరైనా ఉన్నారేమో చూడమ్మా అన్నారు సార్. ఏడుస్తున్నారేమో అనిపించింది.

ఉన్నారు. కార్డులో అక్షరం పక్కన గుర్తు లేనివాళ్లే నెగెటివ్‌లు. జంగయ్య కాక బి నెగెటివ్ ఇంకొక్కడే, కృష్ణానగర్ వెంకటనర్సయ్య అన్నాను. ఎలా తెలుసని అడిగారు. చెప్పాను. ఎనిమిది రోజులుగా తెలుసనీ చెప్పాను.  అతన్ని ఆస్పత్రికి తీసుకురా అన్నారు.

ఆటోలో వెళ్లాను. వెంకటనర్సయ్య సగం గడ్డం గీసుకుని ఉన్నాడు. మన జంగయ్యకా అని, నురగ తుడుచుకుంటూనే ఆటో ఎక్కాడు. జర జల్దీ పోనియ్ అన్నా అని దారి పొడుగునా డ్రైవర్‌ని తొందరపెట్టాడు. నా వైపు తిరిగి, ఫికర్ చెయ్యకు మేడమ్ అని నాకే ధైర్యం చెప్పాడు.

ఆస్పత్రిలో జంగయ్య భార్య బాలమణి నా రెండు చేతులూ పట్టుకుంది. యాళ్లకు తోల్కొచ్చినవ్ బిడ్డా, సల్లగుండు అంది. చేతులు వెనక్కి లాక్కోలేకపోయాను.

మార్చి 17

బతికాడు. కాలు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేరట. ఆ పద్నాలుగు కార్డులూ వెనక్కి తెప్పించమన్నారు సార్. అడిగితే రెన్యువల్ అని చెప్పమన్నారు.

మార్చి 20

ఆస్పత్రి వరండాలో బాలమణికి అంతా చెప్పాను. నా మొహం చూడలేదు. మావోడు నిన్ను అడిగిండట గద అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మార్చి 26

పదమూడు కార్డులు వచ్చాయి. సుబ్బరామయ్యది రాలేదు. అతని గ్రూపు ఓ నెగెటివ్. ఔట్‌డోర్ షూటింగ్‌కి వెళ్లాడట, ఏ ఊరో ఎవరికీ తెలీదు. మేడ మీంచి దూకే సీనట.