ఎడమ పక్క గేటు

8 జనవరి 2025, అల్ ఖోబర్, సౌదీ

డాక్టరు మోకాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగైపోయింది, ఇక నీ ఇష్టం అన్నాడు. నా ఇష్టమే సరిగ్గా లేదు ఇప్పుడు.

9 జనవరి

కోచ్ ఫోన్. మార్చిలో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్. నలుగురు ఒకేసారి పక్కపక్కనే మంచు మీద దూసుకెళ్ళే స్కీ క్రాస్‌లో ఇండియాకు ఒక్కటే సీటు. నెలాఖరులోగా స్టార్ట్ వీడియో పంపాలట. గేటు నుంచి ముప్పై మీటర్లు, 4.80 సెకన్ల లోపు. ఒంటరిగా కాదు, అటొకరు ఇటొకరు పక్కన ఉండాలట. నా రోగం కోచ్‌కి బాగా తెలుసు.

నాలుగుసార్లు నేషనల్ ఛాంపియన్‌ని. నిరుడు ఇటలీలో సెమీస్‌లో, ఎడమ పక్క అమ్మాయి జారి నా మీద పడింది. మోకాలు పోయింది, ఆపరేషన్‌తో తిరిగొచ్చింది. కానీ ఎడమ పక్క మంచు మీద ఏదైనా గీరుకున్న చప్పుడైతే చాలు, నాకు తెలియకుండానే బ్రేక్ వేసేస్తున్నాను. భయం. దీనికి ఇంకో పేరు లేదు.

11 జనవరి, ఉదయం 7

మాల్ తెరవకముందు రెండు గంటలు స్నో హాల్, అందులోని కృత్రిమ మంచు వాలు, నాదే. నాయన ఇక్కడ మంచు కరగకుండా చూసే చిల్లర్ మెషీన్ల టెక్నీషియన్. పన్నెండేళ్ళప్పుడు, ఆయన డ్యూటీ అయ్యేదాకా పొద్దుపోక నేను స్కీలు కట్టింది ఇక్కడే. ప్రొద్దుటూరు నబీ రసూల్ కూతురు మంచులో ఛాంపియన్ అంటే మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. నాయన మాత్రం పదహారేళ్ళుగా గమ్‌బూట్లతో తిరుగుతున్నాడే గానీ ఒక్కసారీ జారి చూడలేదు.

ఒంటరిగా 4.61.

12 జనవరి

నాయనకు చెప్పేశాను. అంతా విని, యా పక్క వినపడ్తాది మే నీకు అని అడిగాడు. ఎడమ అన్నాను. సరేలే అని స్పానర్ తీసుకొని వెళ్ళిపోయాడు.

15 జనవరి

పాత పైపులు వెల్డింగ్ చేసి స్టార్ట్ గేటు నిలబెట్టాడు నాయన! దాని తలుపు కిందికి పడగానే దూకాలి. నాకు ప్రత్యర్థులు కూడా దొరికారు. కుడి పక్క మొండయ్య, జగిత్యాల ఆయన, హాల్లో మంచు చదును చేస్తాడు. ఎడమ పక్క డ్రైవర్ జిలానీ. ఇద్దరూ పిల్లలు జారే రబ్బరు ట్యూబుల్లో కూర్చున్నారు.

రూల్స్ చెప్పాను. సెమీస్ గెలిస్తే బిగ్ ఫైనల్, ఓడితే స్మాల్ ఫైనల్. మొండయ్యకు అనుమానం వచ్చింది. పెద్ద ఫైనలంటే ఎరుకే గదా బిడ్డా, సామాను సదురుకొని ఇంటికి పోవుడు, మరి చిన్న ఫైనలంటే రెండు నెలల లీవా అన్నాడు. సౌదీలో ఫైనల్ అంటే ఫైనల్ ఎగ్జిటే, వీసా ముగించి పూర్తిగా ఇంటికి పంపెయ్యడమే కదా మరి. నవ్వీ నవ్వీ పొట్ట నొప్పి పుట్టింది.

తర్వాత 5.34. ట్యూబులో మొండయ్య నన్ను దాటేశాడు. ఇండియా టీముకు ఈయన్నే పంపిద్దాం అన్నాడు జిలానీ. అప్పుడూ నవ్వాను. కారెక్కాక ఏడ్చాను.

18 జనవరి

5.20. మళ్ళీ మొండయ్యే.

21 జనవరి

రాలేనని కోచ్‌కి మెసేజ్ టైప్ చేశాను. ఫోన్ పట్టుకొని కూర్చున్నాను. అమ్మ చూసి, పంపితే పంపు ల్యాకుంటే ల్యా జబీ, అన్నం సల్లారిపోతాండాది అంది. పంపలేదు. తిన్నాను.

23 జనవరి

ఈరోజు నాయన జిలానీని లేపి తనే ఎడమ ట్యూబులో కూర్చున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. రెండు చేతుల్లో రెండు మంచు పారలు. వాటితో మంచును గీరుతూ నా పక్కనే వచ్చాడు. అచ్చం స్కీల చప్పుడే. వద్దు నాయనా అంటే, నువ్వు యినుకుంటా పో, అంతే అన్నాడు.

5.02. రెండోసారి 4.91. రేపు మళ్ళీ.

24 జనవరి, ఆస్పత్రి

4.58.

గేటు పడింది. తర్వాత గుర్తున్నది కింద మెత్తల గోడే. మధ్యలో ఏ చప్పుడూ వినపడలేదు. చేతులెత్తి అరిచాను. నాతో ఎవరూ అరవలేదు. వెనక్కి తిరిగితే నాయన పైన, గేటుకు కాస్త కింద పడి ఉన్నాడు. ట్యూబు తిరగబడిందట. మొండయ్య అప్పటికే పైకి పరుగెడుతున్నాడు.

ఆయన మణికట్టు రెండుచోట్ల విరిగింది. కట్టు కడుతుంటే నాయన టైమెంత అని అడిగాడు. చెప్పాను. మళ్ళా చెప్పు అన్నాడు. మళ్ళీ చెప్పాను.

నాకు సంతోషంగా ఉంది. ఆయన నొప్పితో పళ్ళు బిగబట్టినప్పుడు కూడా సంతోషంగానే ఉంది. సిగ్గేస్తోంది, అయినా ఉంది.

25 జనవరి

వీడియో పంపాను. నేను చూడలేదు.

31 జనవరి

సెలెక్ట్ అయ్యాను.

సౌండ్ పెట్టి వీడియో ఇప్పుడే చూశాను. నాయన పడుతూ జబీ, జబీ అని రెండుసార్లు పిలిచాడు. చాలా గట్టిగా. అక్కడ బొమ్మ ఊగింది, తీస్తున్న జిలానీ ఆయన వైపు ఒక అడుగు వేసినట్టుంది. నేను తిన్నగా కిందికి పోతున్నాను.