నోరా అవ్వ నవ్వు

మంగళవారం, పిస్కాటవే

మా డిపార్ట్‌మెంట్‌లోని ఈ డేనియల్ మీద నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువే. నేను రికార్డు చేసిన ఐరిష్ అవ్వ నోరా మాటల మీద వ్యాసం రాసి, చదవమని ఇవాళ పంపాడు. సముద్రంలో పోయిన తమ్ముడి గురించి ఆమె చెప్పే చోట "ఇక్కడ నవ్వింది" అని పెట్టాడు.

టేప్‌లో అక్కడ ఏమీ వినబడదు. ఆమె చేతులతో మొహం కప్పుకుంటే, భుజాలు కదలడం చూసి నవ్వనుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నది నేను. ఆ నోట్‌బుక్ ఉండేది ఆఫీస్‌లో నా టేబుల్ సొరుగులో. నేనెవరికీ చూపించలేదు.

కాఫీ దగ్గర అతణ్ణి, ఆ నవ్వు ఎక్కడిదని అడిగాను. "అంతా టేప్ విని రాసిందే" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "ప్రూఫ్ నీ దగ్గరే ఉందిగా, డిపార్ట్‌మెంట్ చైర్‌కి మెయిల్ కొట్టేయ్" అన్నాడు.

కొట్టడానికే కూర్చున్నాను. ఆఫీస్ నుంచి తెచ్చుకున్న నోట్‌బుక్ పక్కనే ఉంది. అవ్వ ఆ రోజు ఏడ్చిందని ఆమె కూతురు తర్వాత నాకు చెప్పింది. నోట్‌బుక్‌లో ఆ మాట దిద్దాలనుకుంటూనే ఇన్నేళ్లు గడిపాను. అవ్వ కూడా పోయింది.

ఇప్పుడు దిద్దితే నా సాక్ష్యం పోతుంది. అందుకని ఇవాళ కూడా ఆమెను నవ్వుతూనే ఉండనిచ్చాను.