అద్దాల సంచి

బిచ్యా తండా,
భద్రాచలం అడవి అంచు, ఖమ్మం జిల్లా.
14 సెప్టెంబరు 2009, సోమవారం.

హైదరాబాదు విమానాశ్రయంలో కస్టమ్స్ చూసే పెద్ద ఆఫీసరు గారికి, మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలని కోరుతూ పూలి రాయించే దరఖాస్తు.

నా పేరు పూలి. చనిపోయిన దేవ్లా భార్యను. వయసు డెబ్బై రెండు. రేషన్ కార్డులో అరవై అని ఉంది, అది రాసినవాడి తప్పు. ఇంట్లో నేను, కొడుకు ధన్‌సింగ్, కోడలు కవిత, ఇద్దరు మనుమరాళ్లు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే అంగన్‌వాడీ టీచరు హేమలత రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

అయ్యా, పోయిన నెల ఇరవై ఎనిమిదిన దుబాయ్ విమానం దిగిన నా కొడుకును మీరు మరిచి ఉండరు. మనిషి పొడుగు, మాట పొట్టి. అక్కడ ఏసీలు బాగుచేస్తాడు. తెచ్చిన టీవీకి పన్ను పడుతుందని తెలిసి, తనంతట తనే ఎర్రబోర్డు వరుసలో నిలబడి కట్టాడు. పక్క దారిన జారుకున్నవాళ్లు, నీకేమన్న పిచ్చా అన్నా, అని నవ్వారట. ఆ రసీదు బియ్యం డబ్బాలో దాచాను.

తర్వాత మీ ఆఫీసరు వాడి భుజాన ఉన్న, నేను అద్దాలు కుట్టి ఇచ్చిన సంచి విప్పమన్నాడు. మా యాడి తప్ప ఎవరూ విప్పగూడదు సార్, అన్నాడు వాడు. యాడి అంటే మా భాషలో అమ్మ. ఏం, మీ యాడిని గూడ విమానం ఎక్కించుకొని తేవాల్నా, అని మీవాళ్లు నవ్వి ముడి కోశారు. లోపల రెండు మాట్లాడే డబ్బాలు, వాకీటాకీలట. వీటికి పన్ను కడితే సరిపోదు, లైసెన్సు ఉండాలె, చెప్పకుండ దాచి తెచ్చినవు, అన్నారు. డబ్బాలూ పాస్‌పోర్టూ ఉంచుకుని, ఈ నెల ఇరవై నాలుగున వచ్చి జవాబు చెప్పమని కాగితం ఇచ్చారు.

అయ్యా, వాడు దాచలేదు. దూరం పోయి వచ్చినవాడి సంచిని గడపలో తల్లే విప్పాలి. అది మా ఆచారం. నా అత్త విప్పింది, ఆమె అత్త విప్పింది. పెద్ద టీవీకి నోరు తెరిచి పన్ను కట్టినవాడు గుప్పెడంత డబ్బాలను ఎందుకు దాస్తాడు?

అవి ఎందుకని మీరు అడుగుతారు. మా చేను వాగుకు అవతల, ఇల్లు ఇవతల. అక్కడ సెల్లు ఫోను పలకదు. పోయిన ఏడు వాగు నిండుగా ఉన్నప్పుడు, పట్టపగలు, నా పెనిమిటి మంచె మీది నుంచి పడ్డాడు. అరిచాడు. నేను ఇవతలి ఒడ్డున బట్టలు ఉతుకుతున్నాను. వాగు హోరులో నాకు వినబడలేదు. గుట్ట మీద పశువులు కాసే దూలయ్య విని దిగి వచ్చేసరికి ప్రాణం లేదు. ఇప్పుడు ఆ చేనుకు కోడలు పోతోంది. ఆమె చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి ఉంటే చాలనుకున్నాం. అంతకు మించి ఏమీ లేదు.

నేను భయపడి రాయించడం లేదు. న్యాయం అడుగుతున్నాను.

వారం కింద రోడ్డు మీద జీపు ఆగింది. ఒక జవాను దిగి నీళ్లు తాగుతూ, ఏందవ్వా, నీ కొడుకు దుబాయ్ నుంచి ఏం తెచ్చిండు, అని అడిగాడు. టీవీ అన్నాను. ఇంకేం తేలేదా, అన్నాడు. ఊరికే అడిగాడో, తెలిసే అడిగాడో. వాడు తిరిగి ఇచ్చిన చెంబు అందుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. మొన్న సంతలో ఎవరో కొత్త మనిషి కోడలిని కూడా అదే అడిగాడు, అదే మాటతో. అడవిలో తిరిగేవాళ్ల కోసం తెచ్చామని ఖాకీవాళ్లు అనుకుంటే ఒక చావు. ఖాకీవాళ్ల కోసం తెచ్చామని అడవివాళ్లు అనుకుంటే ఇంకో చావు. ఆ రోజు నుంచి కొడుకు ఇంట్లో కూర్చుని అన్నం తినడం లేదు. చేను దగ్గరే ఉంటున్నాడు. వాగు మళ్లీ పెరుగుతోంది. కుక్క మొరిగితే చాలు, మనుమరాళ్లు మంచం కింద దూరుతున్నారు. టీవీని అట్టపెట్టెలో నుంచి తీయలేదు, మీద గొంగడి కప్పాను.

డబ్బాలు మీరే ఉంచుకోండి. జరిమానా వేస్తే కడతాం. మీ కాగితంలో దాచాడన్న మాట ఒక్కటి కొట్టేయండి. ఆ కాగితం మా ఠాణాకు వస్తే నా కొడుకు నాకు దక్కడు.

మీ మేలు మరువని,
పూలి.

తాజా కలం: ఉత్తరం అయిపోయిందని హేమలత చదివి వినిపించింది. సాక్షి ముద్రకు వేలు చాపిన జంపక్క వెనక్కి లాక్కుంది. జంపక్కది రోడ్డు మీద కొట్టు, మాకున్న ఒక్క ఫోను అక్కడే. ఏందే పూలీ, నువ్వు కొడుకుతోటి మాట్లాడిందంత నా కొట్లనే గదా, ఈ అబద్ధానికి నా వేలు ఎట్ల పెడుత, అన్నది. తిట్టాను. తిట్టినా వేలు చాపలేదు.

కనుక వినండి. సంచి తల్లే విప్పాలన్న ఆచారం మా తండాలో లేదు, ఏ తండాలోనూ లేదు. అది నేను ఫోనులో వాడికి నేర్పిన మాట. సంచికి కుట్టిన అద్దాలు దిష్టిని తిప్పికొడతాయి, మీ మిషను చూపును కూడా తిప్పికొడతాయనుకున్నాను. టీవీ పెద్దది, కనబడుతుంది, దానికి కట్టు, డబ్బాలు మాత్రం నా సంచిలో వేసి ముడి వెయ్యి, అన్నాను. వద్దు యాడీ, ఇవి గూడ చూపిస్త, ఏమంటరో అడుగుత, అన్నాడు వాడు. మీ బాపు అరుపు మరిచినవా, అన్నాను. సరే యాడీ, ముడి వేస్త, అన్నాడు.

ఎవరూ చెప్పలేదు, నేనే దాచాను, అని చివరికి వాడు మీ దగ్గర సంతకం చేసింది నా పేరు బయటికి రాకూడదని. భయం లేదని పైన రాయించాను, అదీ అబద్ధమే.

వేరే కాగితం రాస్తానంది హేమలత. వద్దన్నాను. నా అబద్ధం మీరు చదివితేనే, ఆ రోజు మీ ముందు వాడు పలికింది నా మాటేనని తెలుస్తుంది. ఇరవై నాలుగున వాడితో నేనూ వస్తున్నాను. దాచాడు అన్న చోట కొట్టేసి, దాయించింది పూలి అని రాయండి. ఠాణాకు పంపితే ఆ పేరుతోనే పంపండి.

పూలి, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు:
జంపక్క, వేలిముద్ర. తాజా కలానికి మాత్రమే.
దూలయ్య, వేలిముద్ర. దేవ్లా అరుపు విన్నది నిజం.
రాసినది: హేమలత.