కొబ్బరినీళ్లు తాగిన దుమ్ము మిషను

సిద్దిపేట

అన్నయ్యకు,

నీ చెల్లెలు కోటేశ్వరి నమస్కారాలు. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? వదినకు తలనొప్పి తగ్గిందా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఎందుకు రాశానో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది. ఒక్కటే మాట, దీన్ని అమ్మకు చదివి వినిపించొద్దు.

గది పరవాలేదు. ఇంటావిడ మంచిది. సర్వపిండి అని గిన్నె అడుగున బియ్యప్పిండి తట్టి కాలుస్తుంది, ఎప్పుడు చేసినా మాకు ఒక ముక్క పంపుతుంది. బతుకమ్మకు నన్నూ చెరువు దగ్గరకు తీసుకెళ్లింది. పాటలు రావు కాబట్టి చప్పట్లు కొట్టి వచ్చాను. అంతమంది ఆడవాళ్ల మధ్య తిరుగుతూ కూడా ఒంటరిగా ఉండొచ్చని ఆ రోజు తెలిసింది. వానలు వెనకబట్టాయి, తెల్లవారుజామున చలి మొదలైంది.

పని సంగతి చెబుతాను. మీ బావ గ్రానైటు షాపులో చేతి గ్రైండరుతో వంటింటి బండలకు అంచులు కోస్తాడు, నేనూ అక్కడే ఊడ్చి సర్దే పని చేస్తాను. నీళ్లు పోస్తే గీత కనపడదని, కరెంటు కొడుతుందని పొడిగానే కోస్తారు. ఆ దుమ్మంతా పీల్చడానికి సేటు ఒక వాక్యూం మిషను కొన్నాడు. కింద చక్రాల డబ్బా, పైన మోటారు, పక్కన పొడవాటి గొట్టం. అది చూసే నేను ఈ షాపుకు ఒప్పుకున్నాను. రాతి పలకలు కోసే పనిలో నాన్నకు అలాంటిది ఒక్కటి ఉన్నా ఈ రోజుకు మన మధ్యే ఉండేవాడు కదా అన్నయ్యా.

దానికి ఒకటే గండం, నీళ్లు. లోపలికి చుక్క తడి పోయినా రాతి పొడి గచ్చులా గట్టిపడి జల్లెడ సంచిని మూసేస్తుంది. పక్క బల్ల మీద నీళ్లతో పాలిష్ పడతారు కాబట్టి నేలంతా తడే. అందుకని గొట్టాన్ని మేకుకు తగిలించడం, చక్రాల కింద ఇటుకలు పెట్టడం, సంచి దులిపి ఎండబెట్టడం, అన్నీ నేనే చూసుకుంటాను. చంటిపిల్లకు కూడా అంత కాపలా ఉండదని మీ బావ ఎగతాళి.

దసరా వచ్చింది. ఆయుధపూజకు మిషన్లన్నీ కడగమంది సేటు వాళ్లమ్మ. ఆమెను అందరూ పెద్దవ్వ అంటారు. చెయ్యి పెద్దది, నోరూ పెద్దదే. నేను వాక్యూంకు అడ్డం నిలబడ్డాను.

"అన్నిటికి తానం బోసి గీ ఒక్కదాన్ని మైలగ ఉంచుతవా బిడ్డా? గిదేం పాపం జేసింది?" అంది.

నీళ్లు తగిలితే చచ్చిపోతుందని బతిమాలాను. సరేనని పొడి గుడ్డతో తుడవనిచ్చింది. పసుపు, కుంకుమ పొడిగానే అద్దింది. హమ్మయ్య అనుకుని నేను హారతి పళ్లెం తేవడానికి లోపలికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ ఆ గొట్టం మూతిలోకి వంపుతోంది. తానం లేదు కాబట్టి దానికి మాత్రం రెండు కాయలట!

నేను కేక వేశాను. "నీళ్లు వద్దన్నవు, పొయ్యలే గద. గివి కొబ్బరినీళ్లు బిడ్డా, దేవునివి. గివేం జేస్తయ్?" అంది అమాయకంగా. ఈలోగా సేటు శుభమా అని స్విచ్చి వేశాడు. మోటారు ఒక్క గురక పెట్టి పొగ వదిలింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఎవరిని తిడతాం? పెద్దవ్వ ఆ రోజు అన్నం ముట్టలేదు. మిషన్ బాగయ్యేదాకా గ్రైండర్ తిప్పొద్దని కొడుకుతో అంది. "గృహప్రవేశాలు ముంగట బెట్టుకొని పని ఆపుమంటే ఎట్లనే అవ్వా?" అన్నాడతను. మీ బావ మూతికి తువ్వాలు చుట్టుకుని కోశాడు. నేను వద్దన్నాను, పోట్లాడాను, గ్రైండర్ తీగ పీకేశాను కూడా. "నలుగురిలో పరువు తీస్తావా" అని కసిరి మళ్లీ పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద తెల్లటి పొడి. చూసి చూసి నాకు ఏడుపొచ్చేది.

ఆఖరికి మెకానిక్ విప్పాడు. "గిండ్లకెంచి కొబ్బరి వాసనొస్తుందేంది?" అని నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. కొత్త మోటారు తెప్పించి బిగించాడు. ఒక ఉపాయమూ చెప్పాడు: "నడుమ ఒక మూత డ్రమ్ము పెట్టున్రి. గొట్టం ముందుగాల డ్రమ్ముల దిగాలె, ఆన్నుంచి మిషన్‌కు రావాలె. నీళ్లొస్తే గాడనే అడుగుకు పడ్తయ్. ఒట్టి గాలే పైకి పోతది."

అలాగే పెట్టాం. ఇప్పుడు తడి వచ్చినా మిషను దాకా పోదు. పెద్దవ్వ ఆ డ్రమ్ముకు కూడా బొట్టు పెట్టి, దూరంగా నిలబడి దండం పెడుతోంది. షాపులో గాలి మళ్లీ తేటగా ఉంది.

మీ బావకు పట్టుకున్న దగ్గు మాత్రం ఆగలేదు అన్నయ్యా.

చలికని అంటాడు, ఊరు మారిందని అంటాడు. ఎక్స్‌రే తీయించుకుందాం పద అంటే లేని రోగాన్ని తెచ్చిపెట్టకు అంటాడు. నాకు భయంగా ఉంది. నా మాట వినడు, నీ మాట కాదనడు. నువ్వు ఒకసారి రా. దవాఖానకు ముగ్గురం కలిసి పోదాం. పొలం పనులున్నాయని తెలుసు, అయినా రా. అమ్మతో చెల్లెల్ని చూడాలనిపించిందని చెప్పు. వచ్చేటప్పుడు కాస్త గోంగూర పచ్చడి తే. అదైనా ఉంటే నాలుగు ముద్దలు తింటాడు.

అమ్మ పాదాలు నా బదులు నువ్వు తాకు. దీవెన మీ బావ పేరున అడుగు, నాకు వేరే అక్కర్లేదు. వదినకు, బాబాయి వాళ్లకు అడిగానని చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఫోను చేయడం లేదని అమ్మ కోప్పడితే పడనివ్వు. మాది ఒకే గది. నాన్న వీధి మలుపు తిరగకముందే ఆ దగ్గు విని అన్నం వడ్డించేది అమ్మ. ఫోనులో మీ బావ దగ్గు ఒక్కసారి వింటే చాలు, గుర్తుపట్టేస్తుంది.

నీ రాకకు ఎదురుచూసే చెల్లెలు,
కోటేశ్వరి