ఎనిమిదో వేలు

గజపతినగరం,
14-5-1968, మధ్యాహ్నం ఒంటిగంట

బావగారికి నమస్కారాలు.

ఉత్తరం తెచ్చిన మనిషిని నిలబెట్టి ఇది చదవండి. మీ రాతి క్వారీలో పేలుళ్ళు లెక్కపెట్టే అప్పలసూరికి రెండేళ్ళుగా చెవులు వినబడవు. కూరిన మందంతా పేలిందని అతను చెయ్యి ఊపితేనే కదా, దూరంగా దాక్కున్నవాళ్ళు రాళ్ళెత్తడానికి దిగేది. ఆ లెక్క నిజానికి అతని భార్య దాలమ్మది. మా ఇంట్లో పని మధ్యలో వదిలి రోజూ పన్నెండింటికి ఎందుకు పరిగెడుతుందో ఈమధ్యే తెలిసింది. గట్టు మీద నిలబడి, పేలినప్పుడల్లా అతనికి ఒక వేలు చూపిస్తుందట.

"బాబుగారికి సెప్పకండమ్మా, ఆడి పని పోతాది. నా తిట్లు ఇనబడవన్న సుకమొక్కటే ఆడికి," అని నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అది దయో పిరికితనమో ఇప్పటికీ తేల్చుకోలేను.

నిన్న కూతురి పురిటికి కోటబొమ్మాళి వెళ్తూ, "ఈ నాలుగ్రోజులూ మీరు నిలబడండమ్మా, సదువుకున్నోరు," అంది.

ఈరోజు నిలబడ్డాను. ఎనిమిది కన్నాల్లో మందు కూరారు. నాకు ఏడే వినబడ్డాయి. రెండు ఒక్కసారే పేలాయేమో, ఒకటి లోపలే ఉండిపోయిందేమో. చెవులు బాగానే ఉండి కూడా చెప్పలేకపోయాను. అప్పలసూరి నా చేతులకేసే చూస్తున్నాడు. ఎనిమిదో వేలు చూపించలేదు.

ముప్పైమంది ఎండలో కూర్చున్నారు. "మీ అనుమానానికి పనాపేత్తామేటమ్మా?" అని మేస్త్రీ విసుక్కుంటున్నాడు. మందు సంగతి తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని రండి. అప్పలసూరికి వేరే పని ఇస్తానన్న మాట కూడా తీసుకురండి. మీరు వచ్చేవరకు నేను గట్టు దిగను.

మీ మరదలు